పసుపు పూసిన మందు గాజు

ఈ రోజుల్లో మాత్రలు మింగేవాళ్లెవరు? పార్శ్వపు నొప్పి రాకుండా రోజూ కావలసిన మందును చేతి గాజే ఒంట్లోకి పంపుతుంది. ఆ మందు ఒంటికి పడకపోతే గాజు ఎర్రబడుతుంది. కోడలు మేధిని గాజు మూడేళ్లుగా ఆకుపచ్చగానే ఉంది.

అయినా మాణిక్యమ్మకు అనుమానం. రేడియోలో గలగలా వార్తలు చదివే పిల్ల, అట్లకాడ పేరు గుర్తురాక "అదీ... అదివ్వండి" అంటోంది. నిన్న వార్తల మధ్యలోనే ఆగిపోయింది. ఇలాగైతే ఉద్యోగం నిలవదు.

"గాజు బాగానే ఉందిగా అత్తయ్యా!"

"గాజు సంగతి నాకెందుకే? నీ మాట బాగాలేదు. పద, డాక్టరమ్మ దగ్గరికి."

డాక్టరమ్మ గాజు తీసి చూసింది. "ఒంట్లో తేడాను పసిగట్టే దీని కంటినిండా పసుపు పట్టేసింది. ఇంకేం కనిపెడుతుంది?"

శుక్రవారాలు కోడలి గాజులన్నిటితోపాటు దానికీ పసుపు రాసింది మాణిక్యమ్మే. సిగ్గుతో తల దించుకుంది.

"ఏళ్ల తరబడి వాడే మందుకు గాజొక్కటే చాలదు, ఇంట్లో మనిషి చూపూ ఉండాలి. మీరు కనిపెట్టారు కాబట్టి సరిపోయింది. ఈ మందు కొందరికి మాటలు తట్టకుండా చేస్తుంది, మారుద్దాం," అంది డాక్టరమ్మ.

నెల తిరిగేసరికి మేధిని నోరు విప్పింది.

"మందు గాజుకి పసుపేమిటత్తయ్యా? రేపు వంట మరమనిషికి బొట్టు పెట్టి, హారతిచ్చి, దిష్టి కూడా తీస్తారా?"

మాణిక్యమ్మ మురిసిపోతూ పక్కింటావిడను కేకేసింది.

"విన్నావా వదినా! ఒక్క మాటకైనా తడుముకుందా మా పిల్ల?"