నాలుగో అర్థం

"ఉదాహరణ లేని అర్థం ఉప్పు లేని కూరమ్మా. కొట్టేస్తున్నా," అన్నాడు పెద్దసారు, ఎర్రపెన్ను మూత తీస్తూ.

"అసలు అర్థమే అది సార్! దాన్నెలా కొట్టేస్తారు? సాయంత్రం దాకా ఆగండి," అంది ఆమె.

నిఘంటువు ఆఫీసులో పెద్దసారుది ఉడుంపట్టు. ప్రతి అర్థానికీ మనుషుల నోట నిజంగా విన్న వాక్యం ఒకటుండాలి. దాన్ని కార్డు మీద ఎక్కించి, ఎవరన్నారో, ఏ రోజు అన్నారో వెనక రాయాలి. సొంతంగా అల్లితే ఊరుకోడు.

ఆమె చేతిలో ఉన్న మాట 'వదులుకొను'. పుట్టుక తేలిపోయింది. వదులంటే బిగువు తప్పడం; ముడి సడలినట్టే పట్టూ సడలుతుంది. హక్కు, అలవాటు, అవకాశం, ఈ మూడింటికీ వాక్యాలు దొరికాయి. ఆశ వదులుకోవడం నాలుగోది. అందరికీ తెలిసిన అర్థమే, పెట్టెలో మాత్రం కార్డు లేదు.

భర్త వెళ్ళిన చేపల పడవ జాడ తెలియక ఆమెకిది తొమ్మిదో రోజు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక పనికి వచ్చింది. ఏడుపు రావడం లేదు, ఆకలి వేయడం లేదు. మనసు మొద్దుబారిపోయింది. చెయ్యి మాత్రం కార్డులు తిప్పుతోంది.

నాలుగున్నరకు ఫోను మోగింది. రేవు నుంచి మరిది.

"వదినా... వెతకడానికి వెళ్ళిన పడవలు తిరిగొచ్చేశాయి. ఇంక వెళ్ళరట."

"ఏమన్నారు?"

"ఏముంది వదినా, ఇంక లాభం లేదని..."

"అలా కాదు. సరిగ్గా ఏ మాటన్నారో ఆ మాటే చెప్పు."

"'మీ అన్న మీద ఆశ వదులుకోండయ్యా' అన్నారు."

"ఎవరు?"

"వెతికినవాళ్ళ పెద్ద. ఆ లెక్కలన్నీ ఇప్పుడెందుకు వదినా?"

అప్పటికే ఆమె చెయ్యి అలవాటుకొద్దీ కార్డు నింపేసింది. ముందు వాక్యం, వెనక మనిషి, తేదీ. ఒక్క అక్షరమూ వంకర పోలేదు.

పెద్దసారు వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. "అచ్చుకు పంపాలమ్మా. దొరికిందా?"

ఆమె కార్డును గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"లేదు సార్. అలా ఎవరూ అనరు. నాలుగో అర్థం కొట్టేయండి."