చిల్లుల తోటకూర

"డ్రైను గట్టు మడిలో తోటకూర ఇక తినకండి," అన్నాడు మధుబాబు. వ్యవసాయ కాలేజీలో పరిశోధన చేస్తూ, ఆకులు పరీక్షకు పట్టుకెళ్ళిన కుర్రాడు. "ఎగువ షెడ్డులో పాత బ్యాటరీలు కరిగిస్తున్నారు కదండీ. ఆ సీసం నీళ్ళలో కలిసి ఆకులోకెక్కింది. తింటే రక్తం పట్టదు సరికదా, ఉన్నదీ పోతుంది. పసిపిల్లలకైతే మరీ ప్రమాదం."

"నవనవలాడుతోంది కదండీ!" అన్నాడు మత్తయి.

"సీసం కంటికి కనపడదండీ."

మత్తయి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక అతనికి మిగిలిన ఆధారం ఆ మడే. ఎప్పటిలాగే కోసి, భీమడోలు బజారులో కూరలమ్మే అచ్చమ్మకు వేశాడు. ఇంటికి మాత్రం పెరట్లో బోరు నీళ్ళతో వేరే మడి పెంచుకున్నాడు. దానికి మందు కొట్టలేదు. చిన్న ఆకు, నిండా పురుగు కొట్టిన చిల్లులు.

పక్కింటి పుష్పమ్మ కూతురు ప్రీతికి ఐదేళ్ళు. చర్చిలో మత్తయి ఒళ్ళోనే కూర్చునేది. వానలు పడే వేళకి పిల్ల పాలిపోయింది. ఏలూరు డాక్టరు రక్తం తక్కువన్నాడు. తోటకూర బాగా పెట్టమన్నాడు.

మత్తయికి మధుబాబు మాట గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే పెరటి కూర కట్ట పట్టుకెళ్ళాడు.

"బజారులో కొనకమ్మా. రోజూ నేనే తెస్తాను."

ఎందుకో చెప్పలేదు.

"మీకెందుకండీ బాబాయిగారూ శ్రమ," అంటూనే పుష్పమ్మ అందుకుంది.

తన ఇంట్లో పప్పులోకి లేకపోయినా తెచ్చాడు. "సొంత మనవరాలైనా కాదు," అని భార్య పాపమ్మ సణిగినా తెచ్చాడు. పుష్పమ్మ వాకిట్లో కోళ్ళు కాళ్ళకడ్డం పడేవి.

"ఏం మేపుతున్నావమ్మా వీటిని? దూడల్లా ఉన్నాయి!"

పుష్పమ్మ నవ్వి ఊరుకునేది.

ప్రీతికి కడుపునొప్పి పట్టుకుంది. "ఇంకో కట్ట ఎక్కువే పెట్టమ్మా," అన్నాడు మత్తయి.

"పెడుతున్నానండీ."

క్రిస్మస్ ముందు మూర్ఛలు వచ్చాయి. ఏలూరు ఆస్పత్రి నుంచి పిల్లను దుప్పట్లో చుట్టి తెచ్చారు.

పిల్ల పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటమి నాడు భోజనాలకు ఆ కోళ్ళనే కోశారు. మత్తయి విస్తరి పక్కకు నెట్టాడు.

"రోజూ నా చేతి కూర తిన్న పిల్ల, ఎలా పోయిందమ్మా?"

పుష్పమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదండీ బాబాయిగారూ, ఆ చిల్లులాకు కోళ్ళకేసి, నా బిడ్డకి రోజూ అచ్చమ్మ దగ్గర మీ డ్రైను గట్టు మడిదే, నవనవలాడేది కొని పెట్టానండీ."