హంసిక ఇంటి అడ్రస్

శ్రీలేఖకి మూడు వారాలుగా కంటి మీద కునుకు లేదు. అమెరికాలో హైస్కూలు చదువుతున్న కొడుకు ప్రణవ్‌ది సెకండ్ ర్యాంక్. గ్రాడ్యుయేషన్ రోజు ఊరందరి ముందూ స్టేజి మీద మాట్లాడే అవకాశం ఫస్ట్ ర్యాంక్ వాళ్ళకే. అది హంసికది. మార్కుల సగటులో తేడా పాయింట్ జీరో టూ.

తను ఏం తక్కువ చేసింది? రోజూ ఆరింటికే వాణ్ణి కారెక్కించింది. స్కూలు నిధుల కోసం పెట్టే బేక్ సేల్‌కి రెండొందల గులాబ్ జామూన్లు చేసింది. ఆట ముక్క అర్థం కాకపోయినా స్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లన్నిటికీ వెళ్ళి చలిలో చప్పట్లు కొట్టింది.

అలాంటి సమయంలో హంసిక వాళ్ళమ్మ శశికళ వ్రతానికి పిలిచింది. వెళ్ళి చూస్తే ఇల్లు పక్క ఊరు డబ్లిన్‌లో! స్కూలు హద్దుకి ఆరు మైళ్ళ అవతల. ఆ హద్దు లోపల ఇల్లున్న పిల్లలకే ఆ స్కూల్లో సీటు.

"మరి స్కూలు...?" అంది శ్రీలేఖ గుమ్మంలోనే.

శశికళ గొంతు తగ్గించింది. "ఎవరితో అనకండి. తెలిసినవాళ్ళ అడ్రస్ ఇచ్చాం."

"ఛ ఛ, నేనెందుకంటాను!"

అన్న మాట ప్రకారం ఎవరితోనూ అనలేదు. తాంబూలం సంచి పక్క సీట్లో పెట్టుకుని, కారులోంచే స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసింది. తన పేరు చెప్పలేదు. న్యాయానికి పేరెందుకు?

"దొంగ అడ్రస్‌లతో వచ్చేవాళ్ళ వల్ల మా పిల్లలు నష్టపోతున్నారు. ఆ హంసిక ఇంటికెళ్ళి చెక్ చేయండి" అంది ఆవేశంగా.

ఆ పిల్ల మీద జాలి వేయలేదా అంటే, వేసింది. స్టేజి మీద ప్రణవ్‌ని ఊహించుకోగానే పోయింది. ఆ రోజుకి నెమలికంఠం రంగు పట్టుచీర కూడా తీసి పెట్టుకుంది.

గురువారం సూర్యప్రకాశ్ అంకుల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన రిటైర్డ్ డాక్టర్, స్కూలు ఎదురింట్లో ఉంటారు. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి, ఇవాళ హలో కూడా అనకుండా మొదలుపెట్టారు.

"హంసిక మీద ఎవరో కంప్లైంట్ చేశారటమ్మా. పొద్దున్నే స్కూలు ఆఫీసర్ మా ఇంటికొచ్చి, ఆ పిల్ల గది చూపించమన్నాడు."

"మీ ఇంటికా?" అంది శ్రీలేఖ. "వాళ్ళకి అడ్రస్ ఇచ్చింది మీరా అంకుల్?"

"అడిగితే కాదనలేకపోయాను తల్లీ. ఆఫీసర్ రికార్డులన్నీ తీశాడు. మా అడ్రస్ మీద చదువుతున్న పిల్లలు ఆరుగురట, అందరినీ స్కూల్లోంచి తీసేస్తారట."

ఆయన మెల్లగా అన్నారు.

"ఆ లిస్టులో మొదటి పేరు మీ ప్రణవ్‌దేనమ్మా."