బంగారు అంచు పళ్ళేలు

"అంట్లు ఎక్కడ దించమంటావ్, లైల్?"

క్లేటన్ రెండు చేతులా ప్లాస్టిక్ తొట్టి పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగాడు. తొట్టినిండా ఓట్స్ జావ ఎండిపోయిన గిన్నెలు, గుడ్డుసొన అంటిన ప్లేట్లు.

మిన్నెసోటాలో ఎవరింటికైనా వెళ్తే ఏదో ఒకటి వండి తీసుకెళ్ళడం మర్యాద. పాత పోర్టబుల్ డిష్‌వాషర్లు పోగుచేసేవాళ్ళ సంఘంలో మాత్రం అంట్లు తీసుకెళ్ళడం మర్యాద. ఎంత ఎండితే అంత గౌరవం. ఏడాదికోసారి ఒక సభ్యుడి ఇంట్లో చేరి, చక్రాల మీద దొర్లే ఆ పాత మిషన్లను కుళాయికి తగిలించి, చుట్టూ కుర్చీలు వేసుకుని ఆ చప్పుడు వింటారు. వాళ్ళ భార్యలు మొదటి ఏడాది వచ్చారు. రెండో ఏడాది నుంచి మానేశారు.

ఈసారి లైల్ వంతు. అతని బేస్‌మెంట్‌లో చాలా మిషన్లున్నా, అందరి చూపూ ఒక్కదాని మీదే ఉంది. పసుపురంగుది, పైన చెక్క పలక ఉన్నది. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న మిషన్ అది. తండ్రి పోయాక తల్లి ఎవరికో ఇచ్చేస్తే, లైల్ వెతికి వెతికి చివరికి ఒక కోళ్ళ షెడ్డులో పట్టుకున్నాడు.

"రాత్రి భోజనాలయ్యాక అమ్మ దీన్ని సింకు దగ్గరికి దొర్లించి గొట్టం తగిలించేది," అని లైల్ వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. "ఇక గంటసేపు వంటగది తలుపు మూతే. గొట్టం ఊడితే వేణ్ణీళ్ళు మీద పడతాయని ఎవర్నీ అడుగు పెట్టనిచ్చేది కాదు. ఐదుగురు పిల్లలం, నాన్న, నానమ్మ. ఎవరికి దాహమేసినా మిషన్ ఆగేదాకా ఆగాల్సిందే. నేను తలుపుకి వీపు ఆనించి కూర్చునేవాణ్ణి. లోపల అమ్మ ఒక్కతే మాకోసం అంత కష్టపడుతోందని ఏడుపొచ్చేది. తలుపు తీయగానే కాఫీ వాసన గుప్పుమనేది. ఆవిరికి అమ్మ మొహం నిగనిగలాడుతుండేది."

మూల కుర్చీలో అతని తల్లి ఆర్డిస్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆమెకు ఎనభై ఏడేళ్ళు. "ఎప్పటి సంగతులురా అవి," అంది.

క్లేటన్ మూత తెరిచి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమనుకోకు లైల్. ఇది మీ అమ్మగారిది కాదేమో."

"ఎందుకని?"

"లోపలి జాలీ చూడు. ఒక్క గీత లేదు. అంతమంది అంట్లు ఏళ్ళ తరబడి పడితే కడ్డీల మీద తొడుగు లేచిపోయి తుప్పు పట్టాలి. ఇది నిన్న అట్టపెట్టెలోంచి తీసినట్టుంది."

లైల్ మెడ ఎర్రబడింది. "అమ్మా, నువ్వే చెప్పు."

ఆర్డిస్ లేచి వచ్చి చెక్క పలక అంచు కింద చేత్తో తడిమింది. "మనదే. ఇదిగో, నువ్వు పళ్ళొచ్చేటప్పుడు కొరికిన చోటు."

"విన్నావుగా," అన్నాడు లైల్. "మా అమ్మ చేతి శ్రద్ధ అది. తనే సర్దేది, తనే తీసేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేదే కాదు."

క్లేటన్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "సరే. మరి ఇది పళ్ళేల బంగారు అంచుని కూడా చెడగొట్టదని పోయినేడు కోతలు కోశావే. ఆ కాలం మిషన్ ఏదైనా నాలుగు వాయిల్లో అంచు నాకేస్తుంది."

"నీ మిషన్లు నాకేస్తాయేమో."

లైల్ పైకెళ్ళి ఒక పెట్టె మోసుకొచ్చాడు. తెల్లటి పళ్ళేలు, సన్నటి బంగారు అంచు. ఆర్డిస్ పెళ్ళికి ఆమె తల్లి ఇచ్చినవి. లైల్ కూతురు కారీకి వచ్చే నెల పెళ్ళి. ఆ పళ్ళేలు ఇక మనవరాలికే అని ఆర్డిస్ ఎప్పుడో చెప్పి ఉంచింది.

"ప్రతి ఆదివారం వీటిలోనే తిన్నాం. అంచు చూడు. నిన్న కొన్నట్టు లేదూ? ఇవాళ నీ కళ్ళముందే తిప్పుతాను."

"అవి కారీకి ఇస్తానన్నాను కదరా," అంది ఆర్డిస్.

"ఇద్దువుగాని. మెరుస్తూ వస్తాయి."

"క్లేటన్ అంట్లు పెట్టరాదూ, పాపం అంత దూరం మోసుకొచ్చాడు."

"వీళ్ళకి రుజువు కావాలమ్మా."

"గొట్టం కారుతుందేమో చూసుకో."

"కొత్తది వేశాను."

నలుగురిలో ఒకరి మాట కాదనాల్సి వస్తే, ఆ ప్రాంతం ఆడవాళ్ళు తినడానికేదో పెడతారు. ఆర్డిస్ నిమ్మకాయ కేకు ముక్కల పళ్ళెం అందరికీ తిప్పింది. అందరూ తీసుకున్నారు. లైల్ ఆగలేదు. బంగారు అంచుల మీద బీట్‌రూట్ రసం, గ్రేవీ పూసి వరసగా సర్దుతున్నాడు. ఆర్డిస్ పళ్ళెం రెండోసారి తిప్పింది.

చివరికి క్లేటన్‌కే భయమేసింది. "ఒక్కటి పెట్టి చూద్దాం, లైల్. అన్నీ ఎందుకు?"

"అన్నీ పెట్టాల్సిందే. అమ్మ పెట్టినట్టే."

సబ్బు పొడి పోశాడు. మూత వేశాడు. కుళాయి తిప్పాడు. మీట మీద చెయ్యి పెట్టి తల్లివైపు తిరిగాడు. అరవై దాటిన మనిషి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"దీని చప్పుడు గుర్తుందా అమ్మా?"

"ఎందుకు గుర్తుండదూ."

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. నెమ్మదిగా వచ్చి కొడుకు చేతిమీద చెయ్యి వేసింది.

"ఆగరా."

"భయమెందుకమ్మా, నీ మిషనే కదా. రోజూ తిప్పావు."

"తిప్పాను," అంది ఆర్డిస్. ఒకసారి క్లేటన్ వైపు చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఎప్పుడూ ఖాళీగానే తిప్పానురా."