ఉస్తాద్ బిగించిన బోల్టు

"సైలెన్సర్ బోల్టుకు గా పేస్టు ఏంది మనీషా? గ్రీజు రాయి," అన్నడు బాలమల్లు ఉస్తాద్.

"రాయను, ఉస్తాద్. సైలెన్సర్ వేడికి గ్రీజు మాడిపోతది, బోల్టు పట్టేస్తది. ఈ నికెల్ పేస్టయితే వేడికి తట్టుకుంటది," క్యాబ్ కిందినుంచే అన్నది మనీషా.

గగన్‌పహాడ్ మెకానిక్ షెడ్డుల అందరు పని ఆపిన్రు.

"ముప్పై ఏండ్ల సంది గ్రీజే రాస్తున్న. నేను బిగించిన బోల్టు ఇప్పటిదాంక ఎవ్వడు విప్పలే, తెలుసా?"

మనీషా బయటికొచ్చి, ఒక డబ్బా ఆయన ముందల బోర్లించింది. తలలు తెగిన బోల్టులు గలగల రాలినయి.

"తెలుసు, ఉస్తాద్. విప్పరాక ఇవన్నీ నేనే కోసిన. అన్నీ నువ్వు బిగించినయే."

బాలమల్లు ఒక బోల్టు ఏరుకొని, తిప్పి తిప్పి చూసిండు. గ్రీజు డబ్బాకు మూత పెట్టిండు.

"ఎంత రాయాలె? జర సూపెట్టు."