మూడో వన్స్ మోర్

"వన్స్ మోర్!" సోమశేఖర్ గొంతు చించుకొని అరిచాడు.

పద్యాన్ని మళ్లీ పాడమని మొదటి రెండుసార్లు హాలంతా అరిచింది. మూడోసారి అతనొక్కడే. ఇరవై ఏళ్లుగా రేడియోలో వింటున్న పుల్లాచారి నాటకమాడటానికి నంద్యాలకొస్తే, ఆళ్లగడ్డలో అంగడికి తాళమేసి వచ్చినవాడు మరి!

పుల్లాచారి నవ్వి, చేతులు జోడించి, మళ్లీ ఎత్తుకున్నాడు. రాగం పైకి పోయేచోట గొంతు తెగిపోయింది. తెర దించేశారు.

సోమశేఖర్ పూలదండతో తెర వెనక్కి పరుగెత్తాడు. పుల్లాచారి నోటికి తువ్వాలు అదుముకొని కూర్చున్నాడు. తువ్వాలు ఎర్రబడింది. పక్కన భార్య సులోచన.

"మాట పడిపోయిందన్నా ఈయనకు," అందామె. "గొంతులో పుండుంది, ఒక్కసారికి మించి పాడొద్దని డాక్టరు చెప్పినాడు. జనం అడిగితే ఈయన కాదనడు. ఆఖర్న ఒక్కడే అరిసినాడే, ఆ పాపిష్టోడు! వాని గొంతు మళ్లా యాడ విన్నా గుర్తుపడతా. నీది ఏ ఊరన్నా?"

సోమశేఖర్ నోరు తెరవబోయి, గట్టిగా మూసుకున్నాడు. దండను ఆమె చేతిలో పెట్టి, ఇద్దరికీ మొక్కి వెనుదిరిగాడు.

"పాపం, మూగాయప్ప మాదిరుండాడు," సులోచన భర్తతో అంటోంది. "అభిమానమంటే ఇట్లుండాల."