పదహారు గంటల పది నిమిషాలు

"నలభై రెండు మందికి ఒక్కతే తల్లి ఎట్లుంటది సార్?"

దీక్షిత అసైన్‌మెంట్ల కట్టను శశిధర్ బల్ల మీద పెట్టింది. మానుకోటలోని ఆ డిగ్రీ కాలేజీకి ఆమె కొత్తగా వచ్చిన కామర్స్ లెక్చరర్. ఇంటర్నల్ మార్కులు పంపే ముందు అందరి అసైన్‌మెంట్లూ సరిచూడమని ప్రిన్సిపాల్ ఆమెకు అప్పజెప్పారు. శశిధర్ చెప్పే ఎకనామిక్స్ కట్ట దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది.

అంతలో ఫోన్ మోగింది. తెర మీద జనగామలో ఉండే అమ్మ ఫొటో. తర్వాత మాట్లాడదామని కట్ చేసింది.

"మీ అమ్మనా మేడం? ఫొటో మంచిగొచ్చింది," అన్నాడు శశిధర్. "మా అవ్వది ఒక్కటి సుత లేదు. నేను ఈడ చదువుకునేటప్పుడే పోయింది."

దీక్షిత తలాడించిందే గానీ మనసంతా కట్ట మీదే ఉంది.

శశిధర్ ఇచ్చిన ప్రశ్న చిన్నదే. మీ ఇంట్లో ఒక స్త్రీ రోజంతా చేసే, కూలి రాని పనిని గంటల లెక్కన పట్టిక వేయండి. పదకొండేళ్లుగా మొదటి సంవత్సరం వాళ్లకు అదే ప్రశ్న. నలభై రెండు మందీ ఒకే పట్టిక వేశారు. వాకిలి ఊడ్చి అలుకు చల్లడం అరగంట. మొగుళ్లపల్లిలో సొంత చేనులో పత్తి ఏరడం ఆరు గంటలు. అన్నం పెట్టే చోట 'కూర ఎట్లుందని అడగదు, తినేవాళ్ల ముఖం చూస్తుంది' అన్న వాక్యం కూడా పొల్లుపోకుండా నలభై రెండుసార్లు ఉంది.

"అఖిల్ వాళ్లమ్మ అంగన్‌వాడీ టీచర్. బాల్‌సింగ్‌ది గంగారం దగ్గర తండా. ఇద్దరి అమ్మలు మొగుళ్లపల్లిల పత్తి ఏరుతున్నరు. కాపీ కొట్టెటందుకన్న సోయి ఉండాలె గద సార్."

"ఊరి పేరు మార్చుడు మరిచిపోయిన్రు," శశిధర్ నవ్వాడు.

"మీరు అన్నీ చదివిన్రా?"

"చదివిన. చివరిదాంక."

"అన్నీ ఒక్కటే అయినంక ఎందుకు చదువుడు?"

"ఒక్కొక్కరి చేతిరాత ఒక్కో తీరుగుంటది మేడం."

దీక్షితకు ఒళ్లు మండింది. అంతకంటే వింత ఇంకోటుంది. ప్రతి పట్టిక కిందా ఆయనే ఎర్ర సిరాతో ఒక వరుస కలిపాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడడం, పది నిమిషాలు. మొత్తం దగ్గర పిల్లలు వేసుకున్న పదహారు గంటలు కొట్టేసి, పదహారు గంటల పది నిమిషాలు అని దిద్దాడు.

"గిది మీరెందుకు రాసిన్రు?"

"అది లేకుంటే లెక్క తక్కువ పడ్తది."

కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు? దీక్షిత తన నిర్ణయం చెప్పేసింది. అందరికీ సున్నా. వచ్చే ఏడాది నుంచి ప్రశ్న మార్పు. రేపే రిపోర్టు.

శశిధర్ ముఖంలో నవ్వు పోయింది. "పిల్లలకు సున్నా వద్దు మేడం. తప్పు నాదని రాయుండ్రి, మెమో ఇస్తే తీసుకుంట. ప్రశ్న మాత్రం మార్పియ్యకుండ్రి."

"ఒక్క ప్రశ్న కోసం మెమో తీసుకుంటరా?"

శశిధర్ కాగితాలను అంచులు కలిపి, జాగ్రత్తగా దారం కట్టి ఇచ్చాడు.

సాయంత్రం గదిలో దీక్షిత ఆ కట్ట మళ్లీ విప్పింది. ఎర్ర వరుస దగ్గర చూపు ఆగింది. ప్రతి సోమవారం తనను బస్సెక్కించడానికి అమ్మ కూడా జనగామ బస్టాండుకు వస్తుంది. బస్సు కదిలాక ఎంతసేపు నిలబడుతుందో తానెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ మీద ఒక్కసారిగా బెంగ పుట్టింది. ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక, ఏం కూర వండినవ్ అని అడిగింది.

బెంగ బెంగే, రిపోర్టు రిపోర్టే. తెల్లవారి రుజువు కోసం కాలేజీ ఎదురుగా ఉన్న యాకయ్య జిరాక్స్ దుకాణానికి వెళ్లింది. పిల్లలందరికీ కాపీ అక్కడిదేనని అఖిల్ ఒప్పుకున్నాడు మరి.

యాకయ్య నీళ్లు నమిలి, గల్లా కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "సార్‌కు మాత్రం చెప్పకుండ్రి మేడం. తెలిస్తె నా దుకాణం బంద్ పెట్టిస్తడు. పదకొండేండ్ల సంది దాస్తున్న."

"ఎవరు రాసింది ఇది?"

"ఏమో. మా నాయిన ఉన్నప్పుడు ఎవరో పిల్లగాడు జిరాక్స్‌కు ఇచ్చి మళ్ల రాలేదట. ఇంట్ల ఎవరో పోయిన్రని కబురొస్తె ఉరికిండట. సార్ గీ ప్రశ్న ఇచ్చిన ఏడాది, పాత కాయిదాలల్ల దొరికింది. గప్పటి సంది నడుస్తున్నది."

పేరు రాసే చోట తెల్ల చీటీ అంటించి ఉంది.

"ఇదెందుకు?"

"ఎవరి పేరు వాళ్లు రాసుకోవాలె గద. నేనే అంటించిన."

దీక్షిత కాగితాన్ని కవరులోంచి బయటికి తీసింది. మామూలు కాగితం కంటే పొడుగ్గా ఉంది.

"పాత ఫుల్‌స్కేపు మేడం. గిప్పటి కాయిదం మీద పట్టది. అడుగున రెండు వరుసలు ఎప్పుడూ రావు."

ఆమె అడుగుకు చూసింది. వెలిసిన నీలి సిరాలో రెండు వరుసలున్నాయి. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడడం, పది నిమిషాలు. మొత్తం, పదహారు గంటల పది నిమిషాలు.

"యాకయ్యన్నా, గీ వరుసలు ఒక్క జిరాక్సులనన్న వచ్చినయా?"

"ఒక్కసారి సుత రాలే. నేను దప్ప ఎవ్వలు చూడలే."

దీక్షిత తెల్ల చీటీ అంచును గోటితో మెల్లగా లేపింది.

కింద శశిధర్ అని ఉంది.